వినే పన్ను

1. కింద సముద్రం

ఎవరింటి లాగ్, అంటే ఏ రోజు సంగతులు ఆ రోజు, వాళ్ళే రికార్డులో చెప్పుకోవాలని మా ఊరి రూలు. తేదీలు మా తాతల నాడే గల్లంతయ్యాయి కనుక, కింద ఏం కనబడుతోందో చెప్పి మొదలుపెడతాం. కింద సముద్రం. నిన్నా అదే, మొన్నా అదే. చూడ్డానికి బోలెడు నీళ్ళు, తాగడానికి చుక్క పనికిరాదు. నేను అచ్చియ్యమ్మని. బెలూన్లకి వేలాడుతూ గాల్లో తిరిగే ఊరు మాది, మూడో బెలూను కింద మా ఇల్లు. మబ్బుల్లోకి దించే వలలకి ముడులు వెయ్యడం నా పని.

పొద్దున్నే నూకరత్నం వదిన వచ్చింది. మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయి చాలాకాలమైంది గానీ ఆవిడ పెత్తనం ఎక్కడికీ పోలేదు. "ఇంకా తెల్లారలేదా మహారాణీకి? నోరు తెరు" అంది గుమ్మంలోంచే. మైనం రాసిన వలనూలు వేళ్ళకి చుట్టుకుని, పంటికీ పంటికీ మధ్య దింపి, పంటి చుట్టూ వంచి, చిగురు అంచు కిందదాకా తీసుకెళ్ళి మెల్లగా పైకి లాగింది. రంపంతో కోసినట్టు కోస్తే చిగురు తెగుతుంది. వదిన చేతికి ఆ తొందర లేదు. తొందరంతా నోటికే.

ఈ ఎత్తులో చిగుళ్ళు ఊరికే వాస్తాయి. అలాగని ఎవరి పళ్ళకి వాళ్ళు నూలు పెట్టుకోవడం మా ఊళ్ళో లేదు. ప్రతివాళ్ళకీ ఒక నూలు జంట ఉంటుంది. వదినకి నేను, నాకు వదిన. ముందురోజు సాయంత్రం ఎన్ని మాటలనుకున్నా, తెల్లారేసరికి ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు వేళ్ళు పెట్టాల్సిందే. కొరుకుతుందేమోనని భయపడుతూ ఆ పని చెయ్యలేం. అందుకే మా ఊళ్ళో కోపాలు ఒక పూటకి మించి నిలవవు.

తర్వాత నా వంతు. అన్ని పళ్ళూ చేశాను, ఒక్కటి తప్ప. కింద కుడివైపు దవడపన్ను. అది వదిన వినే పన్ను.

వదిన మా ఊరికి మబ్బు చెప్పే మనిషి. వలని మబ్బులోకి దించాక, దానికి కట్టిన సన్నతాడు కొసని ఆ పంటి కింద పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. మబ్బులో నీళ్ళుంటే తాడు నిదానంగా కొట్టుకుంటుందట. ఉత్త పొగమంచైతే జివ్వుమంటుందట. ఆవిడ చెయ్యెత్తి చూపిన వైపుకి సరంగు చిట్టబ్బాయి పంకాలు తిప్పుతాడు. ఊరు ఊరంతా, పొయ్యిలతో, ఉయ్యాలలతో, ఆరేసిన బట్టలతో, ఆ మబ్బు వెనకాల కదిలిపోతుంది.

వినే పంటికి నూలు పెట్టకూడదు. పెడితే దాని వినికిడి తుడిచిపెట్టుకుపోతుందని మావాళ్ళ నమ్మకం. పైగా, పన్ను కాస్త వదులైతే ఇంకా బాగా వింటుందట.

"ఇయ్యాల కదుల్తందే అచ్చియ్యా!" అని వదిన సంబరపడింది, కోడలు నీళ్ళోసుకుందని చెబుతున్నట్టు.

ఆ పంటి చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. పంటి మొదట్లో గార కట్టింది. వాసన తగిలింది నాకు. అయినా ఏమీ అనలేదు. జంట నోట్లో చూసింది మూడో మనిషికి చెప్పకూడదు. జంటకి చెప్పొచ్చు, కానీ ఆవిడ నోటికి ఎవరు దొరుకుతారు!

సాయంత్రం వలలు పిండితే సగం డ్రమ్ము కూడా నిండలేదు. వదిన మాత్రం నిండు మబ్బనే చెప్పింది.

2. కింద సముద్రం, ఒక దీవి

మళ్ళీ అంతే. ముత్యం రంగులో మెరిసే మబ్బు. ఊరు దాని లోపలికి వెళ్ళగానే అంతా తెల్లబడిపోయింది. ఎదురింటి దీపం పాలల్లో పడ్డ పసుపు చుక్కలా కనబడింది. మాటలు కూడా మెత్తగా వినబడ్డాయి. అందరం చేతులు చాపి, మొహాలు పైకెత్తి నిలబడ్డాం. చెయ్యి తడవలేదు. అంత అందం, లోపల ఉత్త డొల్ల.

సరంగు చిట్టబ్బాయి మా వాకిట్లోకొచ్చి కూర్చున్నాడు. పెద్ద మీసం, చిన్న గొంతు. "అక్కా, ఏమనుకోకు. వరసగా మూడు మబ్బులు ఒట్టిపోయాయి. డ్రమ్ముల్లో అడుగు కనబడతంది. పంకాలు తిప్పాలంటే ఎండ కావాలి, ఎండున్న చోట మబ్బుండదు. ఇంకోసారి తప్పుదారి పట్టామంటే తిరిగొచ్చే ఓపికుండదు ఊరికి" అన్నాడు వదినతో.

"నా పన్ను ఎప్పుడూ ఇంత బాగా వినలేదు. మబ్బుంది. ఈవిడగారేసే ముడులే వదులు, నీళ్ళన్నీ కారిపోతన్నాయి" అని వదిన నన్ను చూపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ముడులా? మా అమ్మ నేర్పిన ముడులు! సరే చూసుకోండి అని వలలన్నీ ఒక్కొక్కటే పైకి లాగి ప్రతి ముడీ చూడ్డం మొదలుపెట్టాను. ఒక్కటి వదులుంటే ఒట్టు. నీళ్ళ వాటా తగ్గించారు. పుక్కిలించడానికి ఇక నీళ్ళు లేవు.

3. కింద ఎర్ర నేల

ఈ మాట చెప్పాలా వద్దా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను. లాగ్ ఎలాగూ ఎవరూ వినరు, చెప్పేస్తాను.

నిన్న మధ్యాహ్నం పెద్ద వల లాక్కుని అరుగు మీద ముడులు చూస్తున్నాను. సన్నతాడు అడ్డొస్తోందని వల నుంచి విప్పి, కొస నా ఒళ్ళో పెట్టుకున్నాను. వదిన అరుగు రెండో చివర, నాకు వీపు పెట్టి కూర్చుంది. వల పైకి లాగిన సంగతి ఆవిడకి తెలియదు. అలవాటుగా తాడు రెండో కొస అందుకుని పంటి కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎండ మెత్తగా ఉంది. కిందెక్కడో ఎర్ర నేల మీద మా ఊరి నీడ చీమలా పాకుతోంది.

"దుమ్ము దుమ్మంటంది. ఎంత మబ్బే తల్లీ! ఉత్తరం వైపు" అంది వదిన, తాడు వదలకుండానే చెయ్యెత్తి చూపిస్తూ.

తాడు నా ఒళ్ళో ఉంది. నా చీర కుచ్చిళ్ళ మీద, చలనం లేకుండా పడి ఉంది.

చప్పుడు చెయ్యకుండా లేచెళ్ళి ఆవిడ మొహంలోకి చూశాను. కుడి బుగ్గ కొద్దిగా ఉబ్బి, దాని మీద చర్మం సన్నగా అదురుతోంది. మెల్లగా ఆవిడ మణికట్టు పట్టుకున్నాను, ఏదో ముద్దుకి పట్టుకున్నట్టు. నాడి, బుగ్గ, రెండూ ఒకే లెక్కన కొట్టుకుంటున్నాయి. వదిన వింటున్నది మబ్బుని కాదు. వాచిన తన చిగురులో కొట్టుకుంటున్న తన రక్తాన్నే.

అప్పటికే అటు ఉత్తరానికి పంకాలు తిరుగుతున్నాయి. జంట సంగతి బయటపెట్టకుండా సరంగుని ఆపే దారి లేదు.

పొద్దున్న నూలు పెట్టేముందు చెప్పేశాను. "వదినా, నిన్న నువ్వు విన్నప్పుడు తాడు కొస నా ఒళ్ళో ఉంది. వలకి లేదు. ఆ పన్ను చెడిపోయింది. పళ్ళ డాక్టరొచ్చినప్పుడు చూపిద్దాం."

"అబద్ధం" అంది. మళ్ళీ, "ఆడపడుచు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. నా ముందు అందరూ చేతులు కట్టుకు నిలబడతారని ఎప్పట్నుంచో నీకు కడుపుమంట" అంది.

"కడుపుమంటేంటి వదినా, గుక్కెడు నీళ్ళు లేక ఊరు మాడిపోతంటే!"

"ఆ పన్ను తీసేత్తే నేనెవర్నే? చెప్పు. చచ్చిపోయినోడి పెళ్ళాన్ని. అంతేగా?" అని నూలు కింద పడేసి వెళ్ళిపోయింది.

నేను వంగి ఆ నూలు ఏరుకున్నాను.

4. కింద ఎర్ర నేల, ఒక ఎండిన ఏరు

ఉత్తరాన మబ్బు లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

ఆ ఖాళీ ఆకాశంలోంచి పసుప్పచ్చ బెలూను ఒకటి తేలుతూ వచ్చింది. పళ్ళ డాక్టరు జకరయ్యగారు. ఊరూరికీ అలా గాలివాటున తిరుగుతుంటారు. ఆయనొస్తే మా ఊరి హడావిడి చూడాలి. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే, కొబ్బరుండలొకరు, జీడిలొకరు, పంటికి అంటుకునేవన్నీ పట్టుకొచ్చి ఆయన చేతిలో పెడతారు. డాక్టరుగారు దేవుడంటారు, చేతులు పట్టుకుని ఊపుతారు. ఆయన పెట్టె మూత తెరవగానే మాత్రం అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొస్తాయి.

"అచ్చియ్యమ్మగారూ, మీరు కూర్చుంటారా ముందు?" అన్నారాయన.

"పొయ్యి మీద పులుసుందండీ" అన్నాను. నీళ్ళే లేవు, పులుసెక్కడిది! అయినా పళ్ళు గీకే ఆ సన్నటి కొక్కెం చూస్తే నా కాళ్ళు నా మాట వినవు. ఆయన మంచివారని తెలుసు, నొప్పి తగ్గించడానికే వచ్చారని తెలుసు. మనసుకి తెలిసింది దవడకి తెలియదు.

నాలుగడుగులు వేసి ఆగిపోయాను. పంకాలు ఆగిపోయి ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. అవతలింట్లో పసిబిడ్డ తడారిన గొంతుతో ఏడుస్తోంది. వెనక్కొచ్చాను. జంట నోట్లో చూసింది మూడో మనిషికి చెప్పాను. పన్ను, వాపు, గార, వాసన, ఒళ్ళో పడున్న తాడు, అన్నీ.

ఆయన పెట్టె మూత వేసి విన్నారు. చివర్న, "వాచిన చిగుట్లో నాడి కొట్టుకోవడం మామూలేనమ్మా. పన్ను గట్టిగా ఉన్నన్నాళ్ళూ తెలియదు. వదులైందంటే ఇక అదే వినబడుతుంది. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి, నిజంగానే విన్నారు" అన్నారు. నాకప్పుడు ఏడుపొచ్చింది.

సరంగు వెళ్ళి బతిమాలితే వదిన వచ్చింది. కుర్చీలో కూర్చుని నా వైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది. "చెప్పేశావా" అంది, అంతే. నోరు తెరిచింది.

డాక్టరుగారు చిగురుకి మందు పూశారు, కాసేపాగి వేళ్ళతో పట్టుకున్నారు. లాగినట్టు కూడా లేదు, పన్ను దానంతటదే వచ్చేసింది. మొదలంతా నల్లటి గార. మిగిలిన పళ్ళన్నీ గీకి శుభ్రం చేశారు. "దీనికి నూలు పెట్టి ఉంటే నిలబడేదమ్మా. పక్కవన్నీ చూడండి, ఎంత గట్టిగా ఉన్నాయో" అన్నారు.

ఆ పక్కవన్నీ రోజూ నేను నూలు పెట్టినవి. వదిన అదేమీ వినిపించుకోలేదు. పన్ను గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

5. కింద ఉప్పు

కింద తెల్లగా, చదునుగా, ఉప్పు. ఒకప్పుడు సరస్సట. ఊరు దాని పైన గాలికి ఎటు తోస్తే అటు తేలుతోంది. సరంగు పంకాలు ముట్టుకోవడం లేదు. ఎటు తిప్పాలో చెప్పే మనిషి లేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు తాడు కరిచి చూశారు. ఒకావిడకి తన కడుపులో గుడగుడ వినబడిందట.

వదిన తలుపు తియ్యడం లేదు. పొద్దున్నే గంజి చేసి, ఉప్పు వేసి, గుమ్మంలో పెట్టి వస్తున్నాను. సాయంత్రానికి గిన్నె ఖాళీగా, తుడిచి, బోర్లించి ఉంటోంది. ఒక్క మాట లేదు. ఎలాంటి మాటైనా పడేదాన్ని. ఆవిడ తిట్లు లేకపోతే ఇల్లు బోసిగా ఉంది.

నా నోట్లోనూ నూలు పడక చిగుళ్ళు జివ్వుమంటున్నాయి. రొట్టె కొరికితే ఎర్ర చార. ఎవరినైనా జంటగా అడుగుదామంటే, నా మొహం చూసి తప్పుకుంటున్నారు. నోటి సంగతి బయటపెట్టిన మనిషికి ఎవరు నోరు తెరుస్తారు?

తను వెళ్ళాల్సిన వైపు గాలి లేక డాక్టరుగారి బెలూను కూడా ఇక్కడే కట్టేసి ఉంది. నన్ను చూసి, "ఎవరికి వాళ్ళే పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నారు.

"ఒంటినూలా? సిగ్గుచేటండి!"

"మరి నేను? నా నోట్లో వేలు పెట్టడానికి ఏ ఊళ్ళోనూ ఎవరూ ముందుకి రారు. నేనేమో వాళ్ళందరి నోళ్ళూ చూడాలి" అని నవ్వారు. నవ్వితే కనబడింది, ఆయన చిగుళ్ళేమంత గొప్పగా లేవు. పాపం, కొబ్బరుండలన్నీ తినాలి కదా.

నీళ్ళ డ్రమ్ము చాటుకెళ్ళి, అటూ ఇటూ చూసి, నూలు చుట్టుకున్నాను. నా వేళ్ళు నా నోటికే పరాయివాటిలా తగిలాయి. వెనక పళ్ళు అందలేదు. వదిన ఎలా అందుకునేదో! డ్రమ్ముకి ఆనుకుని కూర్చుండిపోయాను. డ్రమ్ము తడితే ఖాళీగా మోగింది.

ఆ తర్వాత నేనే వెళ్ళి డాక్టరుగారి కుర్చీలో కూర్చున్నాను. పులుసు మాట ఎత్తలేదు. ఊరంతా ఎండిపోతుంటే కొక్కేనికి భయపడ్డం ఏంటని నా మీద నాకే అసహ్యం వేసింది. భయపడ్డంత లేదు. భయం మాత్రం చివరిదాకా అలాగే ఉంది.

6. కింద ఉప్పు, దూరంగా కొండలు

మధ్యాహ్నం తలుపు దగ్గర అలికిడి. వదిన. బుగ్గ దిగిపోయింది, మనిషి చిక్కిపోయింది.

"రా నాతో" అంది.

ఊరి అంచుకి తీసుకెళ్ళింది. పడమట కొండల మీద సన్నగా, బూడిదరంగులో, చూస్తే చూడబుద్ధెయ్యని మబ్బు తునక ఒకటి వేలాడుతోంది. మా వైపు సాగిన దాని తోక మా పెద్ద వల అందేంత దూరంలో ఉంది. వదిన వలని తనే దించింది. తాడుని వలకి తనే కట్టింది. ముడి లాగి చూసింది. మళ్ళీ నాకు చూపించి, "కట్టే ఉందా?" అంది.

"ఉంది వదినా."

"సరిగ్గా చూడు."

"ఉంది."

ఎడమవైపు తాడు కరిచింది. గట్టి పళ్ళ మధ్య, నేను రోజూ నూలు పెట్టిన పళ్ళ మధ్య. కళ్ళు మూసుకుంది. సరంగు ఎప్పుడొచ్చాడో మా వెనక నిలబడ్డాడు. వదిన మొహంలో ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. వినబడకపోతే ఊరు ఏమవుతుందోనని కాదు, ఆ క్షణాన, వదిన ఏమైపోతుందోనని నా భయం.

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. తాడు వదల్లేదు.

"ఉందే" అంది పళ్ళ సందులోంచి. "ఎంత చిన్నగా ఉందే! పక్కింట్లో ఎవరో పిల్లని జోకొడతన్నట్టు. ఇదే... నా పెళ్ళైన కొత్తల్లో విన్నది ఇదే. ఇంత చిన్నదని మర్చిపోయాను." తాడు తీసి చేతిలో పట్టుకుంది. "అయితే ఇన్నాళ్ళూ నన్నే నేను ఇన్నానా అచ్చియ్యా?"

"అవును వదినా."

"అంత గట్టిగానా?"

నేను నవ్వలేదు. ఆవిడే నవ్వింది, ఏడుస్తూనే. చెయ్యెత్తి కొండలవైపు చూపించింది. సరంగు ఒక్క క్షణం తటపటాయించాడు. ఊరికి మిగిలింది ఒక్క ప్రయాణానికి సరిపడా ఓపిక. నా వైపు చూశాడు. "ముడి ఉంది, నేను చూశాను. తిప్పు" అన్నాను.

7. కింద ఏమీ కనబడదు

కింద ఏమీ కనబడదు. పైనా కనబడదు. అంతా మబ్బే.

గడపలోంచి నీళ్ళు, తాళ్ళ మీంచి నీళ్ళు, బెలూన్ల పొట్టల మీంచి నీళ్ళు, అన్నీ నిదానంగా జారుతున్నాయి. వలలు లాగడానికి నలుగురు మగాళ్ళు చాలలేదు. పిల్లలు నాలుకలు చాపి వీధిలో తిరుగుతున్నారు, వాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి గానీ వాళ్ళు కనబడడం లేదు. ఎవరో ఎక్కడో గిన్నెలన్నీ వాకిట్లో వెల్లకిలా తిప్పి పెడుతున్న చప్పుడు. ఊరంతా నిద్రలోనే నీళ్ళు తాగుతున్నట్టుంది.

తెల్లవారగానే ఆ తెల్లదనంలోంచి వదిన వచ్చింది. చేతిలో నూలు.

"ఇంకా తెల్లారలేదా మహారాణీకి? నోరు తెరు."

తెరిచాను. వెనక పళ్ళ దగ్గర ఆగి, నూలు బయటికి తీసి, ఎర్రదనం చూసి నాలుగు చీవాట్లు పెట్టింది. "ఇదేంటే ఇలా పాడుచేసుకున్నావు? ఒంటినూలు పెట్టుకున్నావటగా, డ్రమ్ము చాటున? ఊరంతా చూశారు. మానం తీశావు." ఎన్నాళ్ళకి విన్నానో ఆ గొంతు. కళ్ళు తడిశాయి, మబ్బు మీద నెట్టేశాను.

వాకిట్లోంచి డాక్టరుగారు వెళుతుంటే వదిన కేకేసింది. "డాక్టరుగారూ, రండి, మీకూ నూలు పెడతాను. నాకు మీరు పీకారుగా, బాకీ తీర్చుకుంటాను!"

"బెలూనులో గ్యాసు చూసుకోవాలమ్మా, మళ్ళీ వస్తాను" అంటూ ఆయన మబ్బులోకి మాయమైపోయారు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

తర్వాత వదిన నా ఎదురుగా పీట మీద కూర్చుంది. నూలు నా చేతికిచ్చింది. ఇవ్వడంలో కాస్త ఆలస్యం చేసింది, అది నాకు తెలిసింది. "నువ్వు చెప్పకపోతే నేనెప్పటికీ ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే నీ మీద కోపం. ఇంకా కొంచెం ఉంది" అంది.

"ఉండనీ వదినా."

నోరు తెరిచింది. ఎడమవైపు నుంచి మొదలుపెట్టాను. ఒక్కో పంటి చుట్టూ నూలు వంచి, చిగురు కిందికి దింపి, పైకి తీసి, ప్రతి సందుకీ కొత్త నూలు జరుపుకుంటూ. ఇన్నేళ్ళూ నేను వేలు పెట్టని చోటుకి వచ్చాను. అక్కడిప్పుడు పన్ను లేదు, గులాబీ రంగు చిగురు మెల్లగా మూసుకుంటోంది. దాని ఇటువైపు పంటికీ అటువైపు పంటికీ మెల్లగా నూలు పెట్టాను. వదిన కళ్ళు మూసుకునే ఉంది. బుగ్గ అదరడం లేదు.

నూలు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎర్రదనం లేదు.

"రేపు నేను రాను, నువ్వే రా మా ఇంటికి, తలుపు తీసే ఉంటది" అని లేచి వెళ్ళింది.